షుగర్ ఉన్నవాళ్ళ కంచంలో మన ఆకులు, కాయలు, గింజలు: తిరుపతి, చిత్తూరు ఇళ్ళ కోసం సమగ్ర మార్గదర్శి

తిరుపతిలో ఎవరికైనా షుగర్ బయటపడిందని తెలిస్తే చాలు, సాయంత్రానికల్లా నాలుగు సలహాలు ఇంటికొచ్చేస్తాయి. అలిపిరి దగ్గర పొద్దున్నే నడిచేవాళ్ళు కాకర రసం తాగమంటారు. పక్కింటి అక్క ఇన్సులిన్ మొక్క కొమ్మ తుంచి ఇస్తుంది. పల్లె నుంచి వచ్చిన పెద్దాయన పొడపత్రి గొప్పదనం చెబుతాడు. అందరూ మన మేలు కోరేవాళ్ళే. కానీ ఏది ఎంత తినాలి, ఏ మాత్రతో కలిస్తే ప్రమాదం, దేన్ని అసలు ముట్టకూడదు అన్నది ఎవరూ విడమరిచి చెప్పరు. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నా మాట ముందే చెప్పేస్తాను. ఈ మొక్కల్ని కూరగా తినండి, పొడిగా చల్లుకోండి, పప్పులో వేసుకోండి. డాక్టరు రాసిన మాత్రలు, ఇన్సులిన్ ఆపకుండా రోజువారీ తిండిలో వీటికి చోటు పెంచితే మేలు తప్పకుండా ఉంటుంది. గ్లాసులకొద్దీ రసాలు, కషాయాలు తాగి మాత్రలు పక్కన పడేస్తే మాత్రం కీడు మనకే.

ముందు, యాంటీ ఆక్సిడెంట్ సంగతి

రక్తంలో గ్లూకోజ్ పెరిగినప్పుడు కొన్ని రకాల కణాలు దాన్ని లోపలికి రాకుండా ఆపుకోలేవు. కంటి వెనకుండే సన్నటి రక్తనాళాలు, కిడ్నీలో వడపోత చేసే నాళాలు, కాళ్ళ నరాలు ఇలాంటివే. అంత గ్లూకోజ్ ఒక్కసారిగా కణం లోపల శక్తి తయారయ్యే చోటైన మైటోకాండ్రియాలో మండేటప్పుడు సూపర్ ఆక్సైడ్ లాంటి ఫ్రీ రాడికల్స్ మోతాదుకు మించి పుడతాయి. నాళాల లోపలి పొరను, ప్రోటీన్లను, కొవ్వును అవి దెబ్బతీస్తాయి. దీన్నే ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటారు. ఏళ్ళ తరబడి షుగర్ ఉన్నవాళ్ళలో చూపు మందగించడానికి, మూత్రంలో ప్రోటీన్ పోవడానికి, అరికాళ్ళ మంటలకు, తిమ్మిర్లకు ఇది ఒక ముఖ్య కారణం.

ఈ ఫ్రీ రాడికల్స్‌ను అణచే పదార్థాలనే యాంటీ ఆక్సిడెంట్లు అంటారు. ఒంట్లో అందుకు గ్లూటాథయోన్, కెటలేజ్ లాంటి సొంత కాపలా ఉంది. దానికి తోడు తిండి నుంచి వస్తుంది. ఉసిరిలో విటమిన్ సి, టానిన్లు ఉన్నాయి. నేరేడు ఊదారంగు అంతా ఆంథోసయనిన్లే. మునగాకులో క్వెర్సెటిన్, పసుపులో కర్క్యుమిన్, ఆకుకూరలన్నిటిలో కెరోటినాయిడ్లు దొరుకుతాయి.

అయితే యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు కొనుక్కుంటే పోలేదా అని అడిగేవాళ్ళున్నారు. 2000లో ఫలితాలు వెలువడిన హోప్ అనే పెద్ద పరిశోధనలో గుండెజబ్బు ముప్పున్న తొమ్మిదిన్నర వేల మందిని తీసుకున్నారు. షుగర్ ఉన్నవాళ్ళూ వాళ్ళలో చాలామంది ఉన్నారు. సగం మందికి రోజూ 400 యూనిట్ల విటమిన్ ఇ ఇచ్చి నాలుగేళ్ళకు పైగా చూశారు. గుండెపోట్లు ఏమీ తగ్గలేదు. అందుకే నేను డబ్బా మాత్రల జోలికి వెళ్ళను, కూరల బుట్టనే నమ్ముతాను.

ఇంకో సంగతి. ఒక మొక్క షుగర్ తగ్గించిందంటే అది యాంటీ ఆక్సిడెంట్ల వల్లనే కానక్కర్లేదు. మెంతుల్లో పని చేసేది ప్రధానంగా జిగురులాంటి పీచు. మన పలమనేరు, కుప్పం వైపు పట్టుపురుగులకు వేసే మల్బరీ ఆకులో డీఎన్‌జే అనే పదార్థం ఉంటుంది. అది పేగుల్లో పిండిపదార్థాన్ని విరగ్గొట్టే ఎంజైమును అడ్డుకుంటుంది. అకార్బోస్ అనే షుగర్ మాత్ర చేసే పని కూడా ఇదే. మనలో చాలామంది రోజూ వేసుకునే మెట్‌ఫార్మిన్ పుట్టుక కూడా గలీగా అనే ఐరోపా మొక్క మీద జరిగిన పరిశోధనల్లోనే ఉంది. అంటే మొక్కల్లో శక్తి ఉంది. ఉంది కాబట్టే లెక్క లేకుండా వాడకూడదు.

మొదటి అడుగు: మీ లెక్కలు, మీ మాత్రలు

కొత్తగా ఏదైనా మొదలుపెట్టే ముందు పరగడుపు షుగర్, తిన్న రెండు గంటల తర్వాత షుగర్, హెచ్‌బీఏ1సీ (దాదాపు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) చూపించుకోండి. పరగడుపున 126, అంతకు మించి ఉన్నా, హెచ్‌బీఏ1సీ 6.5 శాతం, అంతకు మించి ఉన్నా డయాబెటిస్ కింద లెక్క. వాటితోపాటు కిడ్నీ ఎలా ఉందో చెప్పే క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు, లివర్ పరీక్ష కూడా చేయించుకోండి. ఏ ఆకు మీకు పడుతుందో, ఏది పడదో చాలావరకు ఈ మూడే చెబుతాయి.

తర్వాత మీ మాత్రల పేర్లన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడుతుంటే షుగర్ మరీ పడిపోయే భయం తక్కువ. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్, లేదా ఇన్సులిన్ వాడేవాళ్ళు మాత్రం చేదు రసాలతో చాలా జాగ్రత్తగా ఉండాలి. షుగర్ 70 కంటే కిందికి పోతే చెమటలు, వణుకు, గుండెదడ, కళ్ళు తిరగడం వస్తాయి. వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలుపుకుని తాగి, 15 నిమిషాలు ఆగి మళ్ళీ చూసుకోవాలి. ఇంకా 70 లోపే ఉంటే మళ్ళీ అంతే తాగాలి. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి, ఎందుకంటే ఆ సమయంలో షుగర్ ఉన్న మనిషికి ఆలోచన సరిగ్గా నడవదు.

రెండో అడుగు: సంగటి ముద్ద దగ్గర మొదలుపెట్టండి

చిత్తూరు జిల్లా వాళ్ళకు రాగులంటే షుగర్‌కు మందు అన్నంత నమ్మకం. అందులో నిజం ఉంది, కానీ సగమే. రాగుల్లోని పాలీఫినాల్స్, పీచు ఎక్కువగా పైపొట్టులో ఉంటాయి. పిండిని సన్నగా జల్లించి పొట్టు పారబోస్తే మిగిలేది ఎక్కువగా పిండిపదార్థమే. జావ చేసుకుని తాగితే ఇంకా త్వరగా అరిగి షుగర్ గబుక్కున పెరుగుతుంది. సంగటిలో బియ్యమో నూకో ఎంత పడుతుందో కూడా చూసుకోవాలి. హోటళ్ళలో తెల్లగా మెరిసే సంగటిలో రాగుల కంటే బియ్యమే ఎక్కువ. ఇంట్లో చేసేటప్పుడు నూక బాగా తగ్గించి, జల్లించని పిండి వేసి గట్టిగా గెలకండి. ముద్ద నారింజకాయంత చాలు.

ఆ ముద్ద పక్కన ఏముందన్నదే అసలు ప్రశ్న. 2024లో జాతీయ పోషకాహార సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు రోజుకు 400 గ్రాముల కూరగాయలు తినమంటున్నాయి, అందులో ఓ వంద గ్రాములు ఆకుకూరలు. మన ఇళ్ళలో ఇది ఎక్కడా జరగడం లేదు. కూర అంటే అన్నంలో నంజుకునేదని అలవాటైపోయింది. దాన్ని తిరగేయండి. ముందు పులగూరో, ఆకుకూర పప్పో ఒక గిన్నె తినేసి ఆ తర్వాత సంగటి ముట్టుకోండి. కూర, పప్పు ముందు తిని అన్నం చివర్లో తింటే తిన్న తర్వాతి షుగర్ తక్కువగా పెరుగుతుంది. ఇంత తేలిక చిట్కా, పైసా ఖర్చు లేనిది, ఇంకొకటి నాకు తెలియదు.

చలికాలంలో అనపకాయలు వస్తాయి కదా. పితికిపప్పు రుచి మనందరికీ ప్రాణమే, కానీ పితికినప్పుడు పోయే తోలులో పీచు, టానిన్లు ఉంటాయి. షుగర్ ఉన్నవాళ్ళకు అనపగింజల్ని తోలుతోనే కూర చేసి పెట్టండి. ఉలవల గుగ్గిళ్ళు కూడా అంతే, తోలు తీయకుండా ఉడికించాలి.

మూడో అడుగు: మునగాకు, కరివేపాకు, మెంతికూర

ఆషాఢంలో మునగాకు తినాలన్న ఆచారం మన ఇళ్ళలో ఉంది. షుగర్ ఉన్నవాళ్ళు దాన్ని ఏడాదంతా పాటించవచ్చు, వారానికి రెండు మూడు సార్లు. లేత రెమ్మల నుంచి ఆకు దూసి, ఈనెలు తీసేసి రెండుసార్లు కడగండి. ఇద్దరికి రెండు పిడికిళ్ళ ఆకు సరిపోతుంది. ఒక పిడికెడు పెసరబ్యాళ్ళు పలుకు మీద ఉడికించి పెట్టుకోండి. మూకుడులో రెండు చెంచాల చెనక్కాయ నూనె పోసి ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, దంచిన తెల్లగడ్డ వేయించి, తరిగిన ఎర్రగడ్డ మగ్గాక ఆకు వేయండి. పసుపు ఇప్పుడే వేయాలి. కర్క్యుమిన్ ఒంటికి పట్టాలంటే నూనె కావాలి, చివర్లో చిటికెడు మిరియాల పొడి వేస్తే ఇంకా బాగా పడుతుంది. నీళ్ళు చిలకరించి మూత పెట్టి, ఆకు ముదురు పచ్చగా మారి చేతికి మెత్తగా తగిలేదాకా సన్నటి మంట మీద ఉంచండి. నల్లబడేదాకా వేయించారంటే రుచీ పోతుంది, సత్తువా పోతుంది. పెసరబ్యాళ్ళు కలిపి దించేయండి. కొబ్బరి ఇష్టమైతే ఒక చెంచా చాలు.

ముదురాకు మిగిలితే నీడలో ఆరబెట్టి, కరివేపాకు, నువ్వులు, జీలకర్ర, ఎండుమిర్చితో పొడి కొట్టుకోవచ్చు. ఎండలో పెడితే రంగు పోతుంది, రంగుతోపాటు విటమిన్లూ పోతాయి. కరివేపాకు కంచం పక్కన తీసి పడేసే అలవాటున్న ఇంట్లో ఈ పొడే దారి.

మెంతికూర, తోటకూర, పొన్నగంటి, బచ్చలి మార్చి మార్చి వండండి. పాలకూర, చుక్కకూర, గోంగూరల్లో ఆక్సలేట్లు ఎక్కువ కాబట్టి కిడ్నీలో రాళ్ళు పడ్డవాళ్ళు వాటిని తగ్గించాలి. కిడ్నీ ఇప్పటికే దెబ్బతిని క్రియాటినిన్ పెరిగినవాళ్ళ సంగతి పూర్తిగా వేరు. మునగాకులోనూ మిగతా ఆకుకూరల్లోనూ పొటాషియం ఎక్కువ, కిడ్నీ దాన్ని బయటికి పంపలేకపోతే గుండెకు ప్రమాదం. అలాంటివాళ్ళు డాక్టరును, డైటీషియన్‌ను అడిగిన తర్వాతే ఈ అడుగు వేయాలి. వార్ఫరిన్ లాంటి రక్తం పలచబడే మాత్ర వాడేవాళ్ళు ఆకుకూరల్ని రోజూ ఒకే మోతాదులో తినాలి. ఒక వారం మానేసి మరుసటి వారం దండిగా తింటే, వాటిలోని విటమిన్ కె వల్ల మాత్ర లెక్క తప్పుతుంది.

నాలుగో అడుగు: చేదు

కాకరలో కరాంటిన్, పాలిపెప్టైడ్-పి అనే పదార్థాలున్నాయి. జంతువుల మీద చేసిన పరిశోధనల్లో షుగర్ బాగా తగ్గింది. మనుషుల మీద చేసినవి చిన్నవి, ఫలితాలు ఒకదానికొకటి పొసగవు. కాబట్టి కాకరను మంచి కూరగాయగా చూడండి, మాత్రకు బదులుగా కాదు. వండే తీరు కూడా ముఖ్యం. చేదు పోవాలని పిడికెడు బెల్లం వేసి పులుసు పెడితే లాభమంతా బెల్లం పట్టుకుపోతుంది. చిత్తూరు బెల్లానికి ఎంత పేరున్నా అది కూడా చక్కెరే. నూనెలో కరకరలాడే వేపుడూ వద్దు. మజ్జిగలో కొద్దిసేపు ఉడికించి, ఎర్రగడ్డ కారం కూరి, తక్కువ నూనెలో మూతపెట్టి మగ్గిస్తే చేదు తినగలిగినంతే మిగులుతుంది.

మన రాయలసీమ చేలల్లో వానాకాలం తర్వాత కాసరకాయలు వస్తాయి. వేలెడంత కూడా ఉండవు, కాకర చేదే కానీ ఒక రకమైన కమ్మదనం ఉంటుంది. శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం బయోకెమిస్ట్రీ విభాగం వాళ్ళు వీటి పొడిని షుగర్ తెప్పించిన ఎలుకలకు ఇచ్చి చూస్తే గ్లూకోజ్, కొలెస్ట్రాల్ తగ్గాయి. ఎలుకల ఫలితం మనిషికి హామీ కాదు. అయినా మన నేలలో పుట్టిన ఇంత మంచి కూరగాయ సంతల్లో కనబడటం తగ్గిపోతుంటే నాకు బాధగా ఉంటుంది. దొరికినప్పుడు కొనండి, కొంటేనే తెచ్చేవాళ్ళు తెస్తారు.

పరగడుపున కాకర రసం, దాని మీద గ్లిమిపిరైడ్, ఆ తర్వాత నడక: ఈ మూడూ కలిస్తే దారిలో కళ్ళు తిరిగి పడిపోవచ్చు. గర్భిణులు కాకర రసం, గింజల పొడి వాడకూడదు. జీ6పీడీ లోపం (ఎర్ర రక్తకణాలు తేలిగ్గా పగిలిపోయే పుట్టుకతో వచ్చే లోపం) ఉన్నవాళ్ళు గింజల జోలికే వెళ్ళకూడదు. ఇంకో ముఖ్యమైన మాట. సొరకాయ రసం తాగే అలవాటుంటే ముందు ఒక చిన్న ముక్క నాలుక మీద పెట్టుకుని చూడండి. చేదుగా ఉంటే పారేయండి. చేదు సొరకాయలోని కుకుర్బిటాసిన్లు విషం. ఆ రసం తాగి మన దేశంలో ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి.

ఐదో అడుగు: మెంతులు

ఈ జాబితా మొత్తంలో మనుషుల మీద రుజువు కాస్త బలంగా ఉన్నది మెంతులకే. 1990 ప్రాంతంలో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వీటి మీద వరసగా పరిశోధనలు చేసింది. ఒక పరిశోధనలో కొవ్వు తీసిన మెంతిపొడిని రోజుకు 100 గ్రాములు ఇచ్చారు. ఇంట్లో మనం అంత తినలేం, తినక్కర్లేదు కూడా. కానీ చెంచాడు మెంతి నీళ్ళు తాగి గింజలు పారేసి, షుగర్ తగ్గలేదని బాధపడేవాళ్ళు ఈ తేడా గమనించాలి. పని చేసేది గింజలోని పీచు.

రాత్రి ఒక చెంచా మెంతులు నానబెట్టి, పొద్దున ఆ నీళ్ళతోపాటు గింజల్నీ నమిలి తినండి. మొదటి వారం అర చెంచాతో మొదలుపెట్టండి, లేదంటే కడుపుబ్బరం వస్తుంది. మెల్లగా రోజుకు రెండు మూడు చెంచాల దాకా వెళ్ళవచ్చు. కొంత పొడిగా మజ్జిగలోనూ కలుపుకోవచ్చు. ఈ జిగురు మిగతా మాత్రల్ని కూడా పట్టి ఉంచుతుంది కాబట్టి థైరాయిడ్, బీపీ మాత్రలకు, మెంతులకు మధ్య గంట రెండు గంటల ఎడం ఉంచండి.

ఆరో అడుగు: పళ్ళు

ఉసిరిని పచ్చిగా తింటేనే మేలు. రోజుకు ఒకటి రెండు కాయలు తరిగి, పెసరబ్యాళ్ళ కోసంబరిలోనో పెరుగుపచ్చడిలోనో వేసుకోండి. పాకంలో ఊరబెట్టిన ఉసిరి మిఠాయి కింద లెక్క, ఆవకాయలా పెట్టిన ఉసిరిలో ఉప్పు దండిగా ఉంటుంది. నేరేడు పళ్ళు వచ్చేది జూన్, జులైలలో. గుప్పెడు పళ్ళు ఏ ఇబ్బందీ లేకుండా తినొచ్చు. తిరుమల కొండల్లో పెరిగే మొగి కూడా నేరేడు కులానిదే, కానీ అది అంతరించిపోయే ముప్పున్న చెట్టు, దాన్ని అడవికే వదిలేద్దాం. దోర జామకాయ చౌక, ఏడాది పొడవునా దొరుకుతుంది, తొక్కతోనే తినండి.

మామిడి గురించి చెప్పకపోతే చిత్తూరు వాళ్ళు ఒప్పుకోరు. వంద గ్రాముల మామిడిపండులో దాదాపు 15 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. షుగర్ అదుపులో ఉంటే బంగినపల్లి రెండు మూడు ముక్కలు తినండి, అన్నం ఆ మేరకు తగ్గించండి. అన్నం అయ్యాక పైన తినొద్దు. మామిడి రసం, తాండ్ర మాత్రం వదులుకోవాల్సిందే. పచ్చి తోతాపురితో పప్పు నిక్షేపంగా చేసుకోవచ్చు.

ఏడో అడుగు: కొండ మూలికలు, వైద్యుడి చేతి మీదుగా

పొడపత్రి ఆకు ఒకటి నమిలి, నిమిషం ఆగి నాలుక మీద చక్కెర వేసుకుంటే ఇసుక నమిలినట్టుంటుంది. తీపి అస్సలు తెలియదు. దానిలోని జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుక మీది తీపి గ్రాహకాల్ని కాసేపు మూసేస్తాయి. తీపి మీద కోరిక అణచుకోలేనివాళ్ళకు ఇది సాయపడుతుంది. రోజూ చూర్ణంగా తీసుకుంటే మాత్రం అది మందే, మాత్రలతో కలిసి షుగర్‌ను మరీ దించవచ్చు.

వేగి చెట్టు చెక్కతో చేసిన గ్లాసులో రాత్రి నీళ్ళు పోసి పొద్దున తాగడం పాత అలవాటు. నీళ్ళు గోధుమరంగుకు మారి, వెలుతురులో నీలంగా తళుక్కుమంటాయి. భారత వైద్య పరిశోధన మండలి 1998లో ప్రచురించిన పరిశోధనలో కొత్తగా షుగర్ వచ్చినవాళ్ళకు వేగి సారం ఇస్తే చాలామందికి అదుపులోకి వచ్చింది. కానీ అక్కడ ఇచ్చింది గ్రాముల లెక్కన తీసిన సారం, పోల్చి చూడటానికి మందు ఇవ్వని గుంపు కూడా లేదు. గ్లాసు నీళ్ళకు ఆ ఫలితం అంటగట్టకూడదు. ఇక ఎర్రచందనం పేరుతో గ్లాసులు, చెక్కలు అమ్మేవాళ్ళను దగ్గరికి రానీయకండి. శేషాచలం అడవిలో ఆ చెట్టు పెచ్చు తీసినా నేరమే.

ఇలాంటివి వాడాలనుకుంటే తిరుపతిలో టీటీడీ ఆయుర్వేద కళాశాల ఆసుపత్రి ఉంది. అక్కడ చూపించుకుని, మీ అల్లోపతి మాత్రల కాగితం వాళ్ళకూ చూపించండి. ఇద్దరు డాక్టర్లకూ ఒకరి మందు గురించి ఒకరికి తెలియాలి.

ముట్టకూడనివి

బిళ్ళగన్నేరు ఆకులు రోజుకు నాలుగు నమిలితే షుగర్ పోతుందన్న మాట మన ఊళ్ళలో బాగా తిరుగుతోంది. 1950లలో కెనడాలోని వెస్టర్న్ ఒంటారియో విశ్వవిద్యాలయంలో ఈ మొక్కను షుగర్ కోసమే పరీక్షించారు. ఎలుకల్లో షుగర్ తగ్గలేదు, తెల్ల రక్తకణాలు పడిపోయి, ఇన్ఫెక్షన్లు వచ్చి చచ్చిపోయాయి. ఆ దారిలోనే విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందు బయటికి వచ్చింది. క్యాన్సర్ ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేస్తూ కొలిచి ఎక్కించే మందు తాలూకు ఆకును పెరట్లో కోసుకుని నమలడం ఎంత ప్రమాదమో ఆలోచించండి. ఇంట్లో ఎవరైనా తింటుంటే ఈ రోజే మాన్పించండి.

ఇన్సులిన్ మొక్కలో ఇన్సులిన్ లేదు, అది పేరు మాత్రమే. దాని ఆకు నమిలి ఇంజెక్షన్ మానేస్తే, ముఖ్యంగా ఒంట్లో ఇన్సులిన్ తయారవని టైప్ 1 షుగర్ పిల్లల్లో, ప్రాణం మీదికి వస్తుంది. తిప్పతీగ కషాయం కరోనా కాలంలో విపరీతంగా వాడినవాళ్ళలో కొందరికి లివర్ దెబ్బతిన్నట్టు ముంబై డాక్టర్లు నివేదించారు. అది అసలు తిప్పతీగేనా, దాన్ని పోలిన ఇంకో తీగా అన్న వాదన కూడా నడిచింది. మనలాంటివాళ్ళం రెంటినీ వేరుచేసి గుర్తుపట్టలేం కాబట్టి దూరంగా ఉండటమే మేలు. లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ లేని షుగర్ పొడులు కొనకండి. అలాంటి వాటిలో షుగర్ మాత్రలు, స్టెరాయిడ్లు కలిపి అమ్మడం చాలాచోట్ల బయటపడింది. పొడి మొదలుపెట్టిన రెండు రోజులకే షుగర్ సగానికి పడిపోతే సంతోషించకండి, అనుమానించండి.

చివరి అడుగు: ఒక్కోటిగా, పుస్తకంలో రాస్తూ

మెంతులు, కాకర, మునగపొడి అన్నీ ఒకే సోమవారం మొదలుపెట్టొద్దు. ఏది పనిచేసిందో, ఏది పడలేదో తెలియదు. ఒక్కటి తీసుకుని రెండు వారాలు చూడండి. అదే మధ్యాహ్న భోజనం, అంతే కొలత, ఒకరోజు ఆ పదార్థంతో, ఇంకోరోజు అది లేకుండా తిని, తినేముందు ఒకసారి, మొదటి ముద్ద నుంచి రెండు గంటలకు ఒకసారి గ్లూకోమీటర్‌తో చూసి రాయండి. ఇలా మూడు నాలుగు జతలు వస్తే మీ ఒంటి తీరు మీకే తెలుస్తుంది. ఒకటి కుదిరాక రెండోది.

హెచ్‌బీఏ1సీ మూడు నెలలకోసారి చేయించుకుంటే చాలు, ఎర్ర రక్తకణం బతికేది దాదాపు 120 రోజులు కాబట్టి అంతకు ముందు చేయించినా పూర్తి తేడా కనబడదు. కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, వాంతులైనా మొదలుపెట్టిన మూలిక ఆపేసి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఆపరేషన్ ఉంటే రెండు వారాల ముందే మూలికల పొడులన్నీ ఆపి, ఆ విషయం మత్తు డాక్టరుకు చెప్పండి.

ఆ పుస్తకాన్ని, వాడుతున్న పొడి డబ్బాను సంచిలో వేసుకుని చెకప్‌కు వెళ్ళండి. ఏం తింటున్నారో దాచకుండా చెప్పండి. కూరలు పెరిగి, అన్నం తగ్గి, పరగడుపు షుగర్ వరసగా 80కి అటూ ఇటూ వస్తుంటే గ్లిమిపిరైడ్ మోతాదు తగ్గించాల్సిన సమయం వచ్చిందేమో డాక్టరు చూసి చెబుతారు. ఆ మాట ఆయన నోటి నుంచి వచ్చేదాకా మాత్ర మానకండి.